బయటి ఊరి అభిమానికి ఎన్ని సీట్లో ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ క్రీడా పేజీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టికెట్ల మీద ఒక చిన్న వార్త వేశారు. ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి నుంచి వచ్చే అభిమానికి టికెట్ 30 పౌండ్లు దాటకూడదని నియమం ఉందని రాసి, అక్కడితో ఆపేశారు. ధర గురించి రాయడం మంచిదే, కానీ అసలు కథ కోటాలో ఉంది. టికెట్ చవగ్గా ఉండి ఏం లాభం, మన జట్టు వాళ్లు కూర్చోడానికి స్టాండే లేకపోతే? అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఎక్కడ కత్తిరించినా పర్వాలేదు గానీ కోటా సంగతి మాత్రం ఉంచండి.

అక్కడి పద్ధతి ఇదీ. హోమ్ క్లబ్బు, అంటే ఎవరి మైదానంలో ఆట జరుగుతుందో ఆ క్లబ్బు, వచ్చే జట్టు అభిమానుల కోసం 3,000 సీట్లు పక్కన పెట్టాలి. స్టేడియం 30 వేల కంటే చిన్నదైతే అందులో పది శాతం. ఇది హోమ్ క్లబ్బు దయాదాక్షిణ్యం కాదు, లీగ్ రూల్ బుక్కులో రాసిన మాట. బోర్న్‌మత్ లాంటి చిన్న ఊరి స్టేడియంలో పట్టేదే పదకొండు వేల చిల్లర మంది. అక్కడికి మాంచెస్టర్ యునైటెడ్ అంత పెద్ద క్లబ్బు ఆడటానికి వెళ్లినా దాని అభిమానులకి దక్కేది పదకొండొందల చిల్లర సీట్లే. యునైటెడ్ సొంత మైదానంలో డెబ్భై వేలకు పైగా జనం కూర్చుంటారని గుర్తుపెట్టుకుంటే, ఆ వెయ్యి సీట్ల కోసం లోపల్లోపల ఎంత కొట్లాట జరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడే అసలు కిటుకుంది. ఆ సీట్లని అమ్మేది హోమ్ క్లబ్బు కాదు, వచ్చే క్లబ్బు. హోమ్ క్లబ్బు కోటా అప్పజెప్తుంది, వచ్చే క్లబ్బు తన అభిమానుల్లో ఎవరికి ఇవ్వాలో తానే తేల్చుకుంటుంది, మిగిలిపోయినవి ముందే చెప్పిన గడువులోగా వాపసు చేస్తుంది. వాపసు వచ్చిన సీట్లని భద్రతకి ఇబ్బంది లేకపోతే హోమ్ క్లబ్బు తనవాళ్లకి అమ్ముకోవచ్చు. రెండు వర్గాల మధ్య కొన్ని వరసలు ఖాళీగా ఉంచి పైన గుడ్డ కప్పేస్తారు, టీవీలో మ్యాచ్ చూసేవాళ్లు గమనించే ఉంటారు. రాబోయేవాళ్లు ఎంతమందో రెండు క్లబ్బులకీ, పోలీసులకీ ముందే తెలిసిపోతుంది. గేటు దగ్గర తేల్చుకోవాల్సింది ఏమీ మిగలదు.

ఈ 30 పౌండ్ల నియమం కూడా ఎవరో పెద్దమనసు చేసుకుని ఇచ్చింది కాదండీ. 2013 జనవరిలో ఆర్సెనల్ మైదానానికి వెళ్లాల్సిన మాంచెస్టర్ సిటీ అభిమానులకి ఒక్కో టికెట్ 62 పౌండ్లని చెబితే, 912 టికెట్లు అమ్ముడుపోక వెనక్కి వెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ తన సొంత అభిమానులకే 77 పౌండ్ల టికెట్ పెడతానంటే, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది, జనం వెళ్లాక ఆట 2-2తో డ్రా అయింది. క్లబ్బు యజమానులు కొద్ది రోజుల్లోనే క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. మరుసటి నెలే బయటి అభిమానులకి 30 పౌండ్ల పరిమితి ప్రకటించారు. లివర్‌పూల్ గొడవ హోమ్ టికెట్ల మీదే కావచ్చు, కానీ గాలి అటు వీచింది. 30 పౌండ్లంటే మన డబ్బుల్లో మూడు వేలు దాటుతుంది, అది చవకా అని మీరు నవ్వొచ్చు. అక్కడి లెక్కలో అది చవకే, పైగా పదేళ్ల కిందటి రేటు.

అంతా బ్రహ్మాండంగా ఉందని నేననను. వచ్చే క్లబ్బు తన కోటాని ఎలా పంచుతుందన్నది వేరే పంచాయితీ. చాలా క్లబ్బులు పాయింట్ల పద్ధతి పెట్టాయి. బయటి మ్యాచ్‌లకి ఎన్నిసార్లు వెళ్లావో లెక్కగట్టి, ఎక్కువసార్లు వెళ్లినవాడికి ముందు టికెట్ ఇస్తారు. వినడానికి న్యాయమే. ఎండనకా వాననకా పనిదినాల్లో సెలవు పెట్టుకుని మరీ వెళ్లినవాడికి పెద్ద మ్యాచ్ రోజున ముందు వరస దక్కాలి కదా. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు కొత్తగా వెళ్దామనుకుంటే? పాయింట్లు లేవు కాబట్టి టికెట్ రాదు, టికెట్ రాలేదు కాబట్టి పాయింట్లు రావు. ఆ చట్రంలోకి దూరే దారే ఉండదు. పాయింట్ల కోసమే టికెట్ కొని, తాను వెళ్లకుండా ఎవరికో ఇచ్చేసే పెద్దమనుషులూ తయారయ్యారు. దానికి విరుగుడుగా కొన్ని క్లబ్బులు చీటీ తీసినట్టు కొంతమందిని ఎంచి, నీ టికెట్ మ్యాచ్ రోజున గుర్తింపు కార్డు చూపించి స్టేడియం దగ్గరే తీసుకో అంటున్నాయి. కొన్ని క్లబ్బులు కోటాలో కొంత భాగం లాటరీకి వదులుతున్నాయి. నన్నడిగితే ఎక్కువ భాగం పాయింట్లకి, కొంత లాటరీకి, కొంత కుర్రకారుకి పెట్టడమే నయం. ఏది పెట్టినా సీజన్ మొదలవకముందే చెప్పాలి, మధ్యలో మార్చకూడదు.

జర్మనీలో పది శాతం సీట్లు బయటి అభిమానులకి ఇస్తారు, అందులో నిలబడి చూసే చవక స్టాండ్ కూడా ఉంటుంది. యూరప్ క్లబ్బుల మధ్య జరిగే కప్పు పోటీల్లో ఐదు శాతం. ఇలా ఎక్కడ చూసినా ఒక అంకె రాసిపెట్టి ఉంటుంది.

అంకె రాయని చోట, లేదా అంకెని సున్నా చేసిన చోట ఏమవుతుందో చూడాలంటే అర్జెంటీనా ఉంది. 2013లో ఒక అభిమాని చనిపోయాక అక్కడ బయటి జట్టు అభిమానులు మ్యాచ్‌కి రావడాన్నే నిషేధించారు. గొడవలు ఆగిపోయాయా అంటే లేదు. ఒకే క్లబ్బు అభిమానుల్లోనే ముఠాలు కొట్టుకున్నాయి. పైగా కొన్ని మ్యాచ్‌లకి 'ఏ జట్టుకీ చెందని ప్రేక్షకులు' అని ఒక వింత టికెట్ పుట్టించారు. ఎవరు కొంటారో అందరికీ తెలుసు, వచ్చిన జట్టు వాళ్లే కొంటారు, కొనుక్కుని గోల్ పడ్డప్పుడు నోరు మూసుకుని కూర్చుంటారు. 2018లో అర్జెంటీనా క్లబ్బులే అయిన రివర్ ప్లేట్, బోకా జూనియర్స్ మధ్య లిబర్టడోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు) ఫైనల్ సంగతి మీ పేపర్లో కూడా వచ్చి ఉంటుంది. రెండు మ్యాచ్‌ల ఆ ఫైనల్లో రివర్ మైదానంలో జరగాల్సిన రెండో మ్యాచ్‌కి బయటి అభిమాని ఒక్కడు కూడా లేడు, అయినా బోకా ఆటగాళ్ల బస్సు మీద రాళ్లు పడ్డాయి. చివరికి మ్యాచ్‌ని మాడ్రిడ్ తీసుకెళ్లారు. అక్కడ ఏం చేశారనుకుంటున్నారు? రెండు క్లబ్బులకీ విడివిడిగా కోటా ఇచ్చి, చెరో వైపు కూర్చోబెట్టి, గట్టి బందోబస్తు పెట్టి ఆట సజావుగా ముగించారు. సొంత దేశంలో కుదరదన్నది సముద్రం దాటాక కుదిరింది.

ఇక మన సంగతి. అనంతపురం వాడివి, మీ జిల్లాకి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బే లేదు, నీకెందుకయ్యా ఈ గోల అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఐఎస్ఎల్‌లో ఉన్న ఒకే ఒక్క తెలుగు క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఊళ్లో క్లబ్బు లేనివాడికి ప్రతి మ్యాచూ బయటి మ్యాచే కాబట్టి ఈ గోల మాకే ఎక్కువ. మా సీమ కుర్రాళ్లకి ఫుట్‌బాల్ కొత్త కాదు, ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలూ మగపిల్లలూ పొద్దున్నే బంతి తన్నడం చూస్తూ పెరిగిన ఊరిది. వీళ్లు పెద్ద మ్యాచ్ చూడాలంటే ఏదో ఒక దిక్కుకి బస్సెక్కాల్సిందే.

హైదరాబాద్ క్లబ్బు ఉన్న రోజుల్లో పక్క రాష్ట్రంలో ఒక మ్యాచ్‌కి మా వాళ్లతో కలిసి వెళ్లాను. ఏ క్లబ్బు, ఏ ఊరు అన్నది అనవసరం. ఆన్‌లైన్‌లో చూస్తే బయటి అభిమానుల స్టాండ్ అని ఎక్కడా లేదు, ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు, సరేనని మామూలు స్టాండ్‌లోనే కొన్నాం. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి మా జెర్సీలు చూసి ఆపేశాడు. 'ఈ స్టాండ్‌లోకి ఈ కలర్ నాట్ అలౌడ్ సార్' అన్నాడు. మరి మా స్టాండ్ ఏది బాబూ అంటే అతనికీ తెలీదు, పాపం రోజు కూలీకి వచ్చిన పిల్లాడు. వాకీటాకీలో ఎవరినో అడిగాడు, వాళ్లు ఇంకెవరినో అడిగారు, లోపల విజిల్ వినపడింది. చివరికి జెర్సీ తిరగేసి తొడుక్కుంటే పంపిస్తామన్నారు. నలభై దాటిన మనుషులం గోడ పక్కన నిలబడి చొక్కాలిప్పి, లోపలిది బయటికి తిప్పి తొడుక్కున్నాం. లేబుల్ మెడ వెనక బయటికి వేలాడుతూనే ఉంది మ్యాచ్ అంతా. మావాళ్లు గోల్ కొట్టినప్పుడు మా పక్కనున్న మేనల్లుడు ఎగరబోతే నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను, చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూసి. నిజం చెప్పాలంటే ఎవరూ ఏమీ అనలేదు, ఒకాయన పాప్‌కార్న్ కూడా ఇచ్చాడు. టెన్షన్ మాత్రం బయటికొచ్చేదాకా పోలేదు. డబ్బులు పోసి మూగనోము పట్టినట్టయింది.

ఇది ఒక్క మా గొడవే అయితే ఉత్తరం రాసేవాణ్ని కాదు. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్ గుర్తుందా? కరోనా వల్ల సీజనంతా ప్రేక్షకులు లేకుండా ఆడి, ఫైనల్‌కి మాత్రం గేట్లు తెరిచారు. హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ తలపడ్డాయి. రెండు జట్ల రంగూ పసుపే, ఆ రోజు పసుపు జెర్సీ మనవాళ్లకి దక్కింది, కేరళ ఆటగాళ్లు నల్ల జెర్సీ వేసుకున్నారు. కానీ గ్యాలరీ నిండా పసుపేసుకుని ఉన్నది కేరళ అభిమానులు! టీవీలో చూసినవాడికి మన జట్టుకే అంత జనమా అనిపించి ఉంటుంది. మన సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేసినప్పుడు స్టేడియం చప్పబడిపోతే గానీ ఎవరి జనమో తెలిసిరాలేదు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చాడు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం. కేరళ వాళ్లని తప్పుపట్టను, వాళ్ల పిచ్చి వాళ్లది, అంత పిచ్చి మన దగ్గర ఉంటే మన క్లబ్బు ఢిల్లీ వెళ్లేదే కాదేమో. కానీ టికెట్లన్నీ ఒకే కుప్పగా ఆన్‌లైన్‌లో వదిలేసి, ఎవరి వేలు ముందు నొక్కితే వాళ్లకే అంటే పెద్ద గుంపు ఉన్నవాళ్లదే రాజ్యం. ఫైనల్లో కూడా రెండు జట్లకి ఇంతింత అని విడదీయకపోతే ఇంకెప్పుడు విడదీస్తారు?

జనాన్ని ముందుగా లెక్కపెట్టకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబరులో క్రికెట్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది ప్రాణాలు పోయాయి. లోపలికి ఎవరికి అనుమతి ఉంది, ఎవరికి లేదు అన్న గందరగోళంలో గేటు దగ్గరికి వచ్చిన జనం అది. ఫుట్‌బాల్‌కి మన దగ్గర అంత జనం రారులే అని నిశ్చింతగా ఉంటే, వచ్చిన రోజున చేతులెత్తేస్తాం.

ఆధార్‌తో టికెట్టా, పేరు రాసి టికెట్టా, మన జనానికి అవన్నీ ఎక్కవు అనే అధికారులకి ఒకటే చెప్తాను. తిరుమల 300 రూపాయల దర్శనానికి మా అవ్వ కూడా ఆధార్ నంబరు చెప్పి, టైమ్ స్లాట్ పట్టుకుని, ప్రింటు తీసుకుని వెళ్తుంది. ఎవరి టికెట్ మీద వాళ్లే వెళ్లాలని ఆమెకి తెలుసు. (దేవుడితో ఫుట్‌బాల్‌ని పోలుస్తావా అని కోప్పడకండి, క్యూ లైన్ వరకే పోలిక.) అదే తిరుపతిలో 2025 జనవరిలో టోకెన్ల కోసం గేట్ల దగ్గర జనాన్ని గుమిగూడనిచ్చిన రోజున ఆరుగురు పోయారు. ఇంట్లో కూర్చుని పేరు మీద తీసుకునే టికెట్‌కీ, గేటు దగ్గర తోసుకుని తీసుకునే దానికీ తేడా ఇంతకంటే కళ్లకి కట్టేలా ఎవరు చెప్పగలరు?

క్లబ్బుల వాదన కూడా విన్నాను. సీట్లు పక్కన పెడితే, వాళ్లు రాకపోతే, నష్టం మాదే కదా అంటారు. అందుకే గడువు పెట్టమనేది. మ్యాచ్‌కి పది రోజుల ముందు వచ్చే క్లబ్బు ఎన్ని కావాలో చెప్పి ఆ మేరకి డబ్బు కట్టాలి, మిగతావి హోమ్ క్లబ్బు అమ్ముకోవాలి. మన లీగ్‌లో దూరాలు ఎక్కువ, గువాహటి నుంచి కొచ్చికి మూడు వేల మంది వస్తారని ఎవరూ అనుకోరు. కాబట్టి పది శాతం వద్దు, ఐదు చాలు, అదీ ఎక్కువంటే ఐదొందల సీట్లు చాలు. అంకె చిన్నదైనా అది కాగితం మీద ఉండాలి, ఏ గేటు, ఏ స్టాండ్, మంచినీళ్లు ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ అన్నది దాంతోపాటే ఉండాలి. ధర విషయంలో నాదొకటే కోరిక, ఆ పక్కనే హోమ్ అభిమాని కూర్చున్న అలాంటి సీటుకి ఎంతో మాకూ అంతే. బయటి ఊరివాడు ఎలాగూ వస్తాడు కదా అని వాడి నెత్తిన రెండింతలు రుద్దకూడదు.

ఇంకొకటి, దీనికోసం ఐఎస్ఎల్ దాకా కూడా పోనక్కర్లేదు. మన జిల్లాల్లో హైస్కూలు గ్రౌండ్లలో ఊరి జట్ల పోటీలు పెడతారు, టికెట్ ఉండదు, కుర్చీలుండవు. ఏప్రిల్ ఎండలో మా దగ్గర సీటంటే నీడే. పొద్దున్నే హోమ్ ఊరివాళ్లు వచ్చి కానుగ చెట్ల కింద టవళ్లు పరిచేస్తారు. బయటి ఊరి నుంచి ట్రాలీలో పదకొండింటికి దిగిన వాళ్లకి గోల్ పోస్టు వెనక మాడే ఎండే గతి. అక్కణ్నుంచే మాటామాటా పెరుగుతుంది, రెఫరీ పాపం మధ్యలో ఇరుక్కుంటాడు. నేను చూసిన ఒక పోటీలో నిర్వాహకులు ముందు రోజే సున్నంతో గీత గీసి, సగం నీడ బయటి ఊరివాళ్లకని చెప్పేశారు. గొణుక్కున్నవాళ్లు గొణుక్కున్నారు, గీత మాత్రం ఎవరూ దాటలేదు. పెద్ద లీగ్ నడిపేవాళ్లకి ఆ సున్నం డబ్బా ఖర్చు కూడా ఎక్కువైపోయిందా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మీ పేపర్ వైపు నుంచి కూడా ఒక చిన్న సాయం కావాలి. మ్యాచ్ ఉన్న రోజున మూలన ఒక డబ్బా కట్టి ఎన్నింటికి, ఏ ఛానెల్లో అని వేస్తారు. దాన్ని నాలుగు రోజుల ముందే వేసి, అందులో బయటి అభిమానుల టికెట్లు ఎవరు అమ్ముతున్నారు, ఎన్ని ఉన్నాయి, ఏ గేటు అని ఇంకో లైను చేర్చండి. ఆ వివరం క్లబ్బులు ఇవ్వకపోతే 'ఇవ్వలేదు' అనే వేయండి. రాత్రి ఏడున్నర మ్యాచ్ అయితే అయిపోయాక మనవైపు ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా వేస్తే మరీ మంచిది, కర్నూలు, కడప వాళ్లకి సైతం పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
అనంతపురం